ఒడియా రాకనా, చెవి వినపడకనా? సరిహద్దు ఊళ్ళలో వినికిడి లోపాన్ని పట్టుకోవడం ఎలా, ఆ తర్వాత ఏం చేయాలి

మా అమ్మ ఒడియా మర్చిపోయిందని మేము దాదాపు రెండేళ్ళు అనుకున్నాం. ఒడిశాలోని పర్లాకిమిడిలో యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. కూరల బజారులో ఒడియాలో బేరమాడిన మనిషి, పక్కింటి మావుసితో (పిన్నితో) ఒడియాలోనే గంటలకొద్దీ కబుర్లు చెప్పిన మనిషి. అలాంటిది ఒకరోజు బ్యాంకు కౌంటరు దగ్గర కుర్రాడు తలెత్తకుండా "దస్తఖత్ కరంతు" (సంతకం చేయండి) అన్నాడు. అమ్మ సంచీలోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అతను మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి పాస్‌బుక్కు ఇచ్చింది. మూడోసారి అతను నావైపు తిరిగి, "తెలుగువాళ్ళు కదా, ఒడియా రాదా?" అన్నాడు. అమ్మ చిన్నగా నవ్వి వేలితో చూపించిన చోట సంతకం పెట్టింది. ఇంటికొచ్చాక మాత్రం, "నాకు ఒడియా రాకపోవడమేంటి, అతనే గొణిగాడు" అంది.

తర్వాత పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ 55 డెసిబెల్స్ (చప్పుడు గట్టితనాన్ని కొలిచే లెక్క) దగ్గర లోపం తేలింది. అతను గొణగలేదు. అమ్మకి ఒడియా పోనూ లేదు.

దీనికి కారణం ఉంది. చెవి మందగించినప్పుడు మొదట దెబ్బతినేది రెండో భాష. మన సొంత భాషలో సగం మాట వినిపిస్తే చాలు, మిగతా సగం మెదడు దానంతటదే పూరించుకుంటుంది. తర్వాత నేర్చుకున్న భాషలో ఆ పూరింపు అంత తేలిగ్గా జరగదు, పక్కన ఫ్యాను చప్పుడో జనం గోలో ఉంటే అసలే జరగదు. అందుకే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని మన తెలుగు ఇళ్ళల్లో చెవుడు చాలాకాలం "భాష రాదు" అనే ముసుగులో దాక్కుంటుంది. పెద్దవాళ్ళకి ఒడియా తగ్గిందంటారు. ఒడియా మీడియం బడిలో పిల్లాడు వెనకబడితే ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే అంటారు. రెండేళ్ళు నిండినా మాటలు రాని బిడ్డని చూసి "రెండు భాషల ఇల్లు కదా, కాస్త ఆలస్యమవుతుంది" అంటారు. ఈ మూడు మాటల్లో ఏది మీ ఇంట్లో వినిపించినా, భాష సంగతి పక్కన పెట్టి ముందు చెవి చూపించండి.

ముందు ఇంట్లోనే చూడండి, తెలుగులోనే చూడండి

పెద్దవాళ్ళని "మీకు వినపడుతోందా?" అని అడగకండి. పడుతోందనే అంటారు, అది నిజమని నమ్మే అంటారు. వినికిడి ఒక్కరోజులో పోదు కాబట్టి ఎంత పోయిందో పోయిన మనిషికే తెలియదు. ఈ చిన్న పరీక్ష చేయండి. ఫ్యాను, టీవీ ఆపండి. వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి మీరు వెనక రెండడుగుల దూరంలో నిలబడండి. వెనకే ఎందుకంటే, ముందుంటే పెదాలు చూసి చెప్పేస్తారు. పరీక్షించని చెవి ముందుండే చిన్న బుడిపెని వేలితో లోపలికి నొక్కి మెల్లగా రుద్దుతూ ఉండమనండి. మీరు ఊపిరి పూర్తిగా వదిలేసి, గుసగుసగా మూడు అంకెలు చెప్పండి: ఏడు, రెండు, తొమ్మిది. తిరిగి చెప్పమనండి. మూడూ చెప్పేస్తే ఆ చెవి ఫరవాలేదు. తప్పితే ఇంకో మూడు అంకెలు చెప్పండి. మొత్తం ఆరింటిలో మూడు కూడా సరిగ్గా రాకపోతే పరీక్షకి తీసుకెళ్ళాల్సిందే. రెండో చెవికి వేరే అంకెలు చెప్పండి.

ఇది మీకు, వాళ్ళకి ఇద్దరికీ సొంతమైన భాషలో చేస్తేనే లెక్క. ఒడియాలో చేస్తే తప్పిన తప్పు చెవిదో భాషదో తేలదు.

ఇక రోజువారీ గుర్తులు. ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకోవడం. "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అనడం. మగవాళ్ళ గొంతు అందుతూ చిన్నపిల్లల గొంతు అందకపోవడం. మా అమ్మ విషయంలో నేను వదిలేసిన గుర్తు ఒకటుంది. కప్పు తెమ్మంటే "పప్పా?" అనేది. వయసుతో వచ్చే చెవుడు ముందుగా ఎక్కువ ఫ్రీక్వెన్సీలని, అంటే కీచు చప్పుళ్ళని తినేస్తుంది. క, త, ప, స లాంటి హల్లుల పదును ఉండేది అక్కడే. అ, ఆ, ఉ లాంటి అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది కాబట్టి అవి మిగులుతాయి. అంటే మాట చప్పుడు చేరుతుంది, మాట చేరదు. గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి తప్ప హల్లులు తేటపడవు. పెద్దవాళ్ళు "అరవకు" అని కసురుకునేది అందుకే.

చంటిపిల్లల విషయంలో పళ్ళెం మోగించి చూసి తృప్తి పడకండి. పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడే బిడ్డకి కూడా మాట వినపడకపోవచ్చు. కొందరు నేల అదురుకే తిరుగుతారు. ఆరు నెలలకి గొంతు వచ్చిన వైపు తల తిప్పాలి. ఏడాదికల్లా పేరు పెట్టి పిలిస్తే చూడాలి, అత్త, తాత లాంటి ఒకటో రెండో మాటలు రావాలి. రెండేళ్ళకి "పాలు కావాలి" అన్నట్టు రెండు మాటలు కలపాలి. ఇంకో సంగతి జాగ్రత్తగా గమనించండి. పుట్టు చెవుడున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊఁ ఊఁ అని ఊసులాడుతుంది, తర్వాత అవి మెల్లగా తగ్గిపోతాయి. "మొదట్లో బాగానే ఊసులాడింది" అనేది ధైర్యం చెప్పే మాట కాదు. రెండు భాషలు వినడం వల్ల ఏ బిడ్డా పిలుపుకి తిరగకుండా పోదు.

చెవిలో ఏమీ పోయకండి, ఏమీ పెట్టకండి

వేడి చేసిన ఆవనూనె, వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసరు, తల్లిపాలు: మన వైపు చెవిలో పడనిది లేదు. కోడి ఈక, పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్లలు సరే సరి. గుబిలి చెడ్డది కాదు, చెవి తనని తాను శుభ్రం చేసుకునే పద్ధతి అది. పుల్లతో తీస్తే బయటికి వచ్చేది కొంచెం, లోపలికి వెళ్ళి గట్టిపడేది ఎక్కువ. రైల్వే స్టేషన్ల దగ్గర, సంతల్లో చెవి శుభ్రం చేస్తామనేవాళ్ళ చేతికి చెవి ఇవ్వకండి. కర్ణభేరి చిరిగిపోవడానికి ఒక్క క్షణం చాలు.

చెవి కారే పిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. "చిన్నప్పుడు అందరికీ కారుతుంది, పెద్దయితే పోతుంది" అని వదిలేయకండి. పదే పదే జలుబు చేసినప్పుడు, గొంతు వెనక నుంచి చెవి మధ్య భాగానికి వెళ్ళే గొట్టం గుండా సూక్ష్మక్రిములు పైకెక్కి అక్కడ చీము పడుతుంది. అది కర్ణభేరిని చించుకుని బయటికి వస్తుంది. నెలల తరబడి అలాగే ఉంటే లోపలి చిన్న ఎముకల గొలుసుని తినేస్తుంది. మంచి సంగతేమంటే, మన చుట్టూ కనిపించే చెవుడులో వైద్యంతో బాగయ్యే భాగం చాలావరకు ఇదే. మందులు, చెవి పొడిగా ఉంచుకోవడం, అవసరమైతే కర్ణభేరికి అతుకు వేసే ఆపరేషన్. చెరువులో మునగనివ్వకండి. తలస్నానానికి ముందు వ్యాజలైన్ రాసిన దూది ఉండ చెవిలో పెట్టండి. ఆ చీము కుళ్ళు వాసన వేస్తుంటే ఎముకని తొలిచే జబ్బు కావచ్చు, దానికి ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు.

చెవి కారకుండానే లోపల జిగురు నీరు నిలిచే పిల్లలు ఇంకా ఎక్కువ. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. బడిలో టీచరు చెప్పేది దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది అంతే. ఒడియా మీడియంలో వేసిన తెలుగు పిల్లాడికి ఇది వస్తే అందరి వేలూ భాష మీదికే పోతుంది. చాలామందిలో కొన్ని నెలల్లో అదే తగ్గుతుంది. తగ్గకపోతే కర్ణభేరిలో గ్రొమెట్ అనే సన్నని గొట్టం పెడతారు.

చెంపదెబ్బ గురించి కూడా చెప్పాలి. అరచేత్తో చెవి మీద పడిన దెబ్బ కర్ణభేరిని చించగలదు. ఇంట్లో గానీ బడిలో గానీ, పిల్లల మీద గానీ ఆడవాళ్ళ మీద గానీ ఎవరూ చెయ్యెత్తకూడదు. అప్పటికే పడి ఉంటే నీళ్ళు, నూనె ఏవీ పోయకుండా చూపించండి. చిన్న చిల్లు చాలాసార్లు కొన్ని వారాల్లో అదే పూడుతుంది.

ఆగకుండా పరిగెత్తాల్సిన సందర్భాలు

ఒక్క చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో మూగబోతే అది గుబిలి అనుకుని కూర్చోకండి. లోపలి నరానికి సంబంధించినది కావచ్చు. దానికి స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఉపయోగం, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. పొద్దున్న లేచేసరికి చెవి పోయిందని ఎవరైనా అంటే ఆరోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఉండాలి. చెవి వెనక వాపు, జ్వరం, మూతి వంకర పోవడం, తీవ్రంగా కళ్ళు తిరగడం, తలకి దెబ్బ తగిలి చెవిలోంచి రక్తం రావడం, వీటికీ అంతే. ఒకే చెవిలో మోత, ఒకే చెవిలో వినికిడి తగ్గడం తొందర పెట్టేవి కాకపోయినా వదిలేయదగ్గవి కావు. అరుదుగా నరం మీద గడ్డ ఉంటుంది, స్కాను తీస్తే తెలుస్తుంది.

ఎందుకు వచ్చిందో ఇంట్లోనే ఆరా తీసి కాగితం మీద రాసుకోండి

డాక్టరు దగ్గర అయిదు నిమిషాలే దొరుకుతాయి. అందుకే ముందు రాసిపెట్టుకోండి. ఎప్పటినుంచి, ఒక చెవా రెండా, చెవి కారిందా, ఏం పని చేశారు, ఏం మందులు వాడారు.

పని సంగతి ముఖ్యం. రైసు మిల్లు, క్రషరు, పేపరు మిల్లు, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ చెవులు నొప్పి లేకుండా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ చప్పుడుని వారానికి 40 గంటలు భరించొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి ఇరవై నిమిషాలే మిగులుతాయి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో గానీ, మన పెళ్ళి ఊరేగింపుల్లో గానీ డీజే పెట్టెల ముందు పిల్లల్ని భుజానెక్కించుకుని నిలబడితే ఆ ఇరవై నిమిషాలూ ఒక పాట తర్వాత ఒక పాటలో అయిపోతాయి. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మని మోగితే అది హెచ్చరిక. అలా పోయిన నరం తిరిగి రాదు, దానికి మందు లేదు.

చెవిలో దూది పెట్టుకుంటే చప్పుడు ఆగదు. మందుల షాపులో దొరికే మెత్తని ఫోము బిరడాలు కొనండి. బిరడాని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బి నిండేదాకా వేలితో పట్టుకోండి. బయటికి చాలావరకు పొడుచుకొచ్చి ఉంటే సరిగ్గా పెట్టలేదన్నమాట.

మందులకొస్తే, జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్, మలేరియాకి వాడే క్వినైన్ చెవిని దెబ్బతీయగలవు. క్వినైన్ వల్ల వచ్చింది చాలావరకు మందు ఆపాక తగ్గుతుంది, మిగతావాటితో వచ్చింది సాధారణంగా ఉండిపోతుంది. మూత్రపిండాలు బాగాలేనివాళ్ళలో ఈ ఇంజెక్షన్లు ఒంట్లో నిలవుంటాయి, ప్రమాదం పెరుగుతుంది. ఇచ్చాపురం, కవిటి, సోంపేట వైపు ఉద్దానం చుట్టాలున్న మనందరికీ మూత్రపిండాల జబ్బు కొత్త కాదు. సూదిమందు పొడిచే ముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. అలాగని మందు మీకు మీరే ఆపేయకండి.

బిడ్డ విషయంలోనైతే గర్భంలో తల్లికి రుబెల్లా వచ్చిందా, నెలలు నిండకుండా పుట్టిందా, పుట్టగానే ఏడ్చిందా, కామెర్లు ఎక్కువయ్యాయా, మెదడువాపు వచ్చిందా అన్నవి రాయండి. మేనరికమా అన్నది కూడా దాచకుండా రాయండి. మేనమామ, మేనకోడళ్ళ పెళ్ళి, మేనబావ పెళ్ళి మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఇద్దరిలోనూ ఒకే లోపమున్న జన్యువు ఉంటే అది బిడ్డకి రెండు వైపులనుంచీ చేరే అవకాశం పెరుగుతుంది. ఇది తల్లి తప్పు కాదు, ఆవిడ మీదికి తోయకండి. తర్వాతి బిడ్డకి పుట్టగానే పరీక్ష చేయించడానికి ఈ సమాచారం కావాలి. తట్టు, రుబెల్లా టీకా వేయించడం వదిలిపెట్టకండి. గవదబిళ్ళలు కూడా ఒక చెవిని పూర్తిగా తీసేయగలవు.

పరీక్షకి వెళ్ళేటప్పుడు

మొదట జిల్లా ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. అక్కడ పరికరాలు చాలకపోతే మన పర్లాకిమిడి మహారాజుగారి పేరున్న బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కోరాపుట్ వైపువాళ్ళకి అక్కడి మెడికల్ కాలేజీ ఉన్నాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి చాలామంది విశాఖ వెళ్తారు. అక్కడ వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ప్రత్యేకంగా ఉంది. పుట్టుకతో ఉన్న చెవుడు కోసం పిల్లల్ని చూడటం ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమంలో భాగమే. అంగన్‌వాడీలో గానీ ఆశా దీదీని గానీ అడిగితే జిల్లా కేంద్రానికి పంపిస్తారు.

ముందు డాక్టరు చేత గుబిలి తీయించుకోండి. పరీక్షకి ముందురోజు మిల్లు పనికి, డీజేకి వెళ్ళకండి. పసిబిడ్డకి బెరా పరీక్ష (చప్పుడుకి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయా అని చూసేది) నిద్రలో చేస్తారు కాబట్టి రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్ళండి. పుట్టిన పిల్లలకి ముందు చెవిలో చిన్న గొట్టం పెట్టి ఓఏఈ అనే వడపోత పరీక్ష చేస్తారు, నొప్పి ఉండదు. మంచి పద్ధతి ఏమిటంటే నెలలోపు ఈ వడపోత, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషను లేదా చికిత్స మొదలు. పెద్దవాళ్ళకి చప్పుడు రాని గదిలో హెడ్‌ఫోను పెట్టి కుయ్ కుయ్ మని చప్పుళ్ళు వినిపిస్తారు. లీలగా వినపడినా మీట నొక్కాలి, అనుమానంగా ఉన్నా నొక్కాలి. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పకపోతే గట్టిగా వినపడిన వాటికే నొక్కి ఉండేది.

తర్వాత మాటల పరీక్ష ఉంటుంది, మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. ఇక్కడే నోరు తెరిచి అడగండి: "తెలుగు మాటలతో చేయగలరా?" మా అమ్మకి మొదటిసారి ఒడియా మాటలతో చేశారు. సగానికి పైగా తప్పాయి. తెలుగు తెలిసినవాళ్ళ దగ్గర మళ్ళీ చేస్తే ఫలితం చాలా మెరుగ్గా వచ్చింది. ఆ తేడా చిన్నది కాదు. మాటలు అర్థం చేసుకునే శక్తి మరీ తక్కువుంటే మిషను పెట్టినా ఉపయోగం తక్కువని అంచనా వేస్తారు. తప్పు భాషలో వచ్చిన మార్కుతో ఆ అంచనా వేయకూడదు. తెలుగు వచ్చినవాళ్ళు లేకపోతే "ఒడియా ఈవిడ సొంత భాష కాదు" అని రిపోర్టులో రాయించండి.

చేతికిచ్చే గ్రాఫు కాగితం ఆడియోగ్రామ్. దాన్ని చదవడం నేర్చుకోండి, కష్టం కాదు. ఎడమ నుంచి కుడికి చప్పుడు బొంగురు నుంచి కీచుకి మారుతూ పోతుంది, 250 నుంచి 8000 హెర్ట్జ్ (ఫ్రీక్వెన్సీ కొలత) దాకా. పైనుంచి కిందికి గట్టితనం పెరుగుతుంది. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. గీత ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 లోపు మామూలు, 20 నుంచి 35 స్వల్పం, 35 నుంచి 50 మధ్యస్థం, 50 నుంచి 65 ఓ మోస్తరు తీవ్రం, 65 నుంచి 80 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. చెవి వెనక ఎముక మీద పరికరం పెట్టి చేసిన గుర్తులు విడిగా ఉంటాయి. అవి పైన బాగుండి, గాలి ద్వారా చేసినవి కిందుంటే అడ్డు చెవి బయటి, మధ్య భాగాల్లో ఉందన్నమాట: గుబిలి, చీము, చిల్లు, ఎముక బిగుసుకోవడం. ఇవి చాలావరకు బాగుచేయదగ్గవి. రెండూ కలిసి కిందికి దిగితే లోపం లోపలి చెవిది లేదా నరానిది. 4000 దగ్గర మాత్రం గోయి తవ్వినట్టు పడిపోయి ఉంటే పెద్ద చప్పుళ్ళ మధ్య పని చేసి దెబ్బతిన్న చెవి అని అనుమానించాలి.

ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి. వచ్చే ఏడాది దాంతోనే పోల్చాలి.

మిషను కొనేటప్పుడు

మేము చేసిన తప్పు మీరు చేయకండి. మొదట ఒక షాపులో, పరీక్ష గది కూడా లేని చోట, "పెద్దవాళ్ళకి ఇదే సరిపోతుంది" అంటే నమ్మి కొనేశాం. అది అన్ని చప్పుళ్ళనీ ఒకేలా పెంచే పరికరం. గిన్నె కిందపడితే అమ్మ చెవులు మూసుకునేది. నెలకి అది బీరువాలోకి వెళ్ళిపోయింది, దాంతోపాటు మిషన్లంటేనే అమ్మకి విరక్తి వచ్చింది. రెండోసారి ఒప్పించడానికి ఏడాది పట్టింది.

ఆడియోగ్రామ్ చూసి, కంప్యూటరుకి కలిపి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత తగ్గిందో అక్కడే అంత పెంచి ఇచ్చే డిజిటల్ మిషనే కొనండి. అమర్చేవాళ్ళకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడగడం మీ హక్కు. కొనేముందు కొన్నిరోజులు ఇంట్లో పెట్టుకుని చూసే వీలిస్తారా, తర్వాత సర్దుబాట్లకి డబ్బు తీసుకుంటారా, మీ ఊరికి దగ్గర్లో ఎవరు చూస్తారు అని ముందే తేల్చుకోండి. భువనేశ్వర్‌లో కొని పర్లాకిమిడిలో ఉండేవాళ్ళకి ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. రెండు చెవుల్లోనూ లోపముంటే స్తోమతని బట్టి రెండింటికీ పెట్టించండి, చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో రెండుంటేనే తెలుస్తుంది. వేళ్ళు వణికే పెద్దవాళ్ళకి చెవి లోపల దాక్కునే బుల్లి మిషను కన్నా చెవి వెనక పెట్టేది నయం.

మొదటిరోజే సంతకి తీసుకెళ్ళకండి. మొదటి వారం రోజుకి ఒకటి రెండు గంటలు, ఇంట్లో ఒక మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రమే. తర్వాత టీవీ, తర్వాత వీధి గుమ్మం, ఆ తర్వాత గుడి. అమ్మకి మొదటిరోజు విచిత్రంగా అనిపించింది తన గాజుల చప్పుడు. "ఇంతకాలం ఇవి మోగుతూనే ఉన్నాయా?" అని చెయ్యి ఊపి ఊపి చూసుకుంది. ఏళ్ళ తరబడి వినని చిన్న చప్పుళ్ళని మెదడు మళ్ళీ పక్కన పెట్టడం నేర్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. మిషను కుయ్‌మని కూస్తుంటే చెవిలో పెట్టే దాని మూస సరిగ్గా కూర్చోలేదో, గుబిలి నిండిందో చూడండి.

బ్యాటరీల మీదుండే రంగు స్టిక్కరు పీకిన క్షణం నుంచే వాటి ఆయుష్షు తరుగుతుంది, వాడినా వాడకపోయినా. పీకాక ఒక నిమిషం ఆగి పెట్టండి. రాత్రి మిషనులో బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి. మన గాలిలో చెమ్మ ఎక్కువ, గోపాల్‌పూర్ వైపైతే ఉప్పు కూడా. మూతున్న డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. బ్యాటరీలు పసిపిల్లలకి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

పుట్టు చెవుడున్న బిడ్డకి మిషనుతో చాలినంత వినపడకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఆలోచిస్తారు. వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకంలో పుట్టు చెవుడున్న అయిదేళ్ళలోపు పిల్లలకి దీనికి సాయముంది. ఆపరేషన్ తర్వాత ఏళ్ళ తరబడి మాటల శిక్షణ ఉంటుంది, అది లేకపోతే ఆపరేషన్ వృథా. అప్పుడు చాలామంది "బడి ఒడియాలో కదా, ఇంట్లో కూడా ఒడియానే మాట్లాడండి" అని సలహా ఇస్తారు. అమ్మ, నాన్నమ్మ ఏ భాషలో రోజంతా ధారగా మాట్లాడగలరో ఆ భాషతో మొదలుపెట్టండి. బిడ్డకి కావాల్సింది రోజుకి వేల మాటలు. రాని భాషలో అన్ని మాటలు ఏ తల్లీ చెప్పలేదు. ఇంప్లాంటు కుదరని పిల్లలకి సైగ భాష నేర్పించడానికి సిగ్గుపడకండి. ఏ భాషా లేకుండా అయిదేళ్ళు గడవడం బిడ్డకి చెవుడు కన్నా పెద్ద నష్టం.

సర్టిఫికెట్, డబ్బు

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపముంటే వినికిడి మందగించినవారు, 70 ఆపైన ఉంటే బధిరులు. మా అమ్మ 55 దగ్గర ఆగింది కాబట్టి వికలాంగుల కార్డు రాలేదు. కార్డు రాలేదంటే మిషను అక్కర్లేదని అర్థం కాదు. అర్హత ఉన్నవాళ్ళు స్వావలంబన్ పోర్టల్లో యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుకి దరఖాస్తు పెట్టి జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డుకి వెళ్ళాలి. ఆ కార్డు దేశమంతా చెల్లుతుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఆడిప్ కింద ఆదాయాన్ని బట్టి మిషను ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతుంది. ఒడిశా రేషన్ కార్డున్నవాళ్ళకి ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు. విశాఖ వెళ్ళేముందే ఈ సంగతి తెలుసుకోండి, అక్కడికెళ్ళాక తెలిసి ఏడ్చినవాళ్ళని చూశాను.

ఇంట్లో వాళ్ళు మార్చుకోవాల్సినవి

వంటింట్లోంచి కేకలెయ్యకండి. ఎదురుగా వచ్చి, భుజం తట్టి, మొహం మీద వెలుతురు పడేలా నిలబడి మాట్లాడండి. మామూలు గొంతుతో, కొంచెం నెమ్మదిగా. ఒక మాట రెండుసార్లు అందకపోతే మూడోసారి అదే అనకుండా మాట మార్చండి. "కప్పు" అందకపోతే "టీ తాగే గ్లాసు" అనండి. "ఏం లేదులే, నీకెందుకు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ మాట మాత్రం వాళ్ళకి స్పష్టంగా వినిపిస్తుంది. వినపడనివాళ్ళు నలుగురిలోంచి తప్పుకుని మంచానికి అతుక్కుపోతారు. పట్టించుకోని చెవుడుకి ముసలితనపు మతిమరుపు జబ్బుకి సంబంధం ఉందని వైద్యులు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు.

బయట పనులకి ఒక చిన్న అట్టముక్క రాసి పర్సులో పెట్టండి. మా అమ్మ దగ్గర ఉన్నది ఇదే, ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఒడియా లిపిలో: "మోతే కమ్ శుభుచి. దయాకరి మో ఆడకు చాహిఁ ధీరే కుహంతు." నాకు తక్కువగా వినపడుతుంది, దయచేసి నావైపు చూసి నెమ్మదిగా చెప్పండి అని. పోయిన నెల అదే బ్యాంకులో కౌంటరు మీద పెట్టింది. కొత్తగా వచ్చిన అమ్మాయి చదివి, అద్దం దగ్గరికి వంగి, "మావుసీ, దస్తఖత్" అంది. అమ్మ పెన్ను అడిగింది.